ఏటిమొగ గుల్లలు వరసగా చనిపోతుంటే: ‘కాల్షియం 775’ అర్థం, మేత లెక్క, నీటి సర్దుబాటు

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి కూర్చుకుందాం. శ్రీకాకుళంలో ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు. అక్టోబరు చివర్లో కళింగపట్నం నుంచి తెచ్చిన సముద్రపు నీళ్లు. రెండు క్లౌన్ చేపలు, నాగావళి మొగ దగ్గర దొరికిన పన్నెండు గుల్లలు. షార్జాలో మీ అన్నయ్య స్క్వామోసా జెయింట్ క్లామ్ (రీఫుల్లో ఉండే పెద్ద గుల్ల) పెంచుతూ, ‘గట్టి లైటు వెయ్యి, కాల్షియం చూసుకో, మేత అక్కర్లేదు’ అన్నారు. మీరూ అదే చేశారు, పైగా సీసాలో దొరికే పచ్చటి మేత రోజుకు ఐదు చుక్కలు వేశారు. నెల రోజులు బాగానే ఉండి, తర్వాత రెండు వారాల్లో ఎనిమిది పోయాయి. రొయ్యల ల్యాబ్‌ రిపోర్టులో సెలినిటీ (ఉప్పదనం) 27, కాల్షియం హార్డ్‌నెస్ 775, టోటల్ హార్డ్‌నెస్ 4,700, ఆల్కలినిటీ (నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 100, నైట్రేట్ సున్నా, అమ్మోనియా లేదు, పీహెచ్ 8.1. లైటు కింద పగటిపూట నీటి వేడి 30 డిగ్రీలు. కాల్షియం ఎలా తగ్గించాలి, చుక్కలు ఎన్ని పెంచాలి, ఒక దుకాణదారు ఇస్తానంటున్న మాక్సిమా క్లామ్ కొనవచ్చా అని మీ మూడు ప్రశ్నలు. మీ అన్నయ్య క్లామ్ గురించి ఇంకో మాట కూడా అడిగారు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, దాని జవాబు చిన్నది. కొనకండి. ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా, హిప్పోపస్ హిప్పోపస్ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఒకటో షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకూ జైలు. లక్షద్వీప్, అండమాన్ రీఫుల నుంచి పట్టినదాన్ని ‘ఫారంలో పెంచింది’ అని చెప్పి అమ్మినా కొన్నవాడికి రక్షణ లేదు. గట్టి అస్థిపంజరం ఉండే పగడాలు కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి, చచ్చిన పగడపు ముక్కలతో సహా. కాబట్టి ట్యాంకు అలంకరణకు పగడం రాయి తెస్తానన్నా వద్దనండి, సిరామిక్ రాళ్లు చాలు. మీ అన్నయ్య అక్కడ కాగితాలున్న పెంపకపు క్లామ్‌ను ఉంచుకోవడం వేరు, దాన్ని ఇక్కడికి తేవడం వేరు. ఈ జాతులన్నీ సైటిస్ (ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవే.

ఇక అసలు సంగతి. మీ అన్నయ్య సలహా ఆయన జంతువుకు సరైనదే. జెయింట్ క్లామ్ రంగురంగుల పెదవి లాంటి భాగం, అంటే మాంటిల్ లోపల, సన్నని గొట్టాల్లో సూక్ష్మ ఆల్గే (కంటికి కనపడనంత చిన్న నాచు) కాపురం ఉంటుంది. వెలుగు పడితే ఆ ఆల్గే చక్కెరలు తయారుచేసి క్లామ్‌కు ఇస్తుంది. అందుకే దానికి లైటే ప్రధాన భోజనం. మన మొగల్లో ఇసుకలో పూడుకుని ఉండే మెరెట్రిక్స్ గుల్లకు అలాంటి భాగస్వామి ఎవరూ లేరు. అది నీళ్లను పీల్చి, అందులో తేలే ఆల్గే కణాలను వడగట్టుకునే బతుకుతుంది. దాని మీద ఎన్ని వాట్ల లైటు వేసినా ఒక్క మెతుకు కూడా దొరకదు. పైగా ఆ లైటు నీళ్లను వేడెక్కించి, గుల్ల ఒంట్లో దాచుకున్న నిల్వను తొందరగా ఖర్చు చేయిస్తుంది. గుల్లలు మొదటి నెల బాగా కనిపించి ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి పోవడం ఆకలి చావుల లక్షణం. విషం అయితే రెండు మూడు రోజుల్లోనే అన్నీ పోయేవి, వాటితో పాటు చేపలూ ఇబ్బంది పడేవి.

రిపోర్టు దగ్గరికి వద్దాం. 775 చూసి మీరు భయపడ్డారు, నిజానికి మీ నీళ్లలో కాల్షియం తక్కువ. రొయ్యల ల్యాబులు హార్డ్‌నెస్‌ను కాల్షియం కార్బొనేట్ లెక్కలో ఇస్తాయి, అక్వేరియం పుస్తకాలు చెప్పే 400–450 మాత్రం నికరమైన కాల్షియం. మార్చడానికి 0.4తో గుణించండి: 775 అంటే 310 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). మెగ్నీషియం కోసం టోటల్ హార్డ్‌నెస్‌లోంచి కాల్షియం హార్డ్‌నెస్ తీసేసి 0.243తో గుణించాలి. 4,700లో 775 పోగా 3,925, అంటే సుమారు 950 పీపీఎం. ఆల్కలినిటీని 17.9తో భాగిస్తే అక్వేరియం వాళ్లు దానికి వాడే డీకేహెచ్ కొలత వస్తుంది. మీ 100 పీపీఎం అంటే 5.6 డీకేహెచ్. సెలినిటీ 35 ఉన్న సహజ సముద్రపు నీటిలో కాల్షియం 412, మెగ్నీషియం 1,290 దాకా, ఆల్కలినిటీ ఆరున్నర డీకేహెచ్ చుట్టూ ఉంటాయి. 27 సెలినిటీకి నిష్పత్తి వేసి చూడండి: కాల్షియం 318, మెగ్నీషియం 995. మీ అంకెలు దాదాపు అవే. అంటే నీళ్లలో ఏ ఒక్క పదార్థమూ విడిగా తగ్గలేదు, మొత్తం సముద్రమే పలచబడి ఉంది.

అది మన తీరం తీరు. వానాకాలం తర్వాత ఉత్తర బంగాళాఖాతంలోకి పెద్ద నదులు దింపిన మంచినీరు ఒడ్డు వెంబడి దక్షిణానికి జారుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మన దగ్గర సెలినిటీ పాతిక దిగువకు కూడా పోవచ్చు, వేసవిలో అదే ఒడ్డున 33–34 ఉంటుంది. మీరు నీళ్లు తోడిన చోటేమో వంశధార మొగ. ఇకమీదట మార్చి–మే మధ్య, పోటు మీద ఉన్నప్పుడు, మొగలకూ ఫ్యాక్టరీల వ్యర్థాల గొట్టాలకూ దూరంగా తోడి, మూత ఉన్న నీలం డ్రమ్ముల్లో చీకట్లో నిల్వ చేసుకోండి. మరీ మంచిది రొయ్యల హేచరీ నుంచి వడగట్టి, క్లోరిన్ పట్టించి, దాన్ని విరిచిన నీళ్లు అడిగి తెచ్చుకోవడం. మీరే చేసుకుంటే వంద లీటర్లకు 30 శాతం బ్లీచింగ్ పౌడర్ మూడు గ్రాములు వేసి, ఒక రోజు గట్టిగా గాలి కొట్టి, సోడియం థయోసల్ఫేట్ కొద్దికొద్దిగా వేస్తూ క్లోరిన్ పరీక్ష చుక్కలతో పసుపు రంగు పూర్తిగా పోయేదాకా చూడాలి. లేత పసుపు మిగిలినా ట్యాంకులో పోయకండి.

కాబట్టి మొదట సెలినిటీ, తర్వాతే కాల్షియం. మెరెట్రిక్స్‌కు 27 కొత్త కాదు, మొగలో అంతకంటే తక్కువలోనూ బతుకుతుంది. దాన్ని దెబ్బతీసేది ఒక్కసారిగా వచ్చే మార్పు. ట్యాంకులో చేపలు కూడా ఉన్నాయి కనుక 33 దగ్గర నిలకడగా ఉంచడం మేలు. ఇసుక, రాళ్లు పోను మీ ట్యాంకులో నీళ్లు 170 లీటర్లు అనుకుందాం. ఆరు పాయింట్లు పెంచడానికి మెరైన్ సాల్ట్ సుమారు 1.1–1.2 కిలోలు కావాలి. వంట ఉప్పు గానీ పశువుల ఉప్పు గానీ పనికిరాదు. ఉప్పును ట్యాంకులో నేరుగా చల్లకండి. రోజూ ఆవిరైన మేరకూ, అది చాలకపోతే ఐదారు లీటర్లు తీసేసి ఆ మేరకూ, చిక్కగా కలిపిన ఉప్పునీళ్లు పోస్తూ రోజుకు ఒక పాయింటు మించకుండా వారం రోజుల్లో చేరండి. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ వాడండి, దాన్ని 35 సెలినిటీ ద్రావణంతో సరిచూసుకోండి. మంచినీటితో సున్నా పెట్టినంత మాత్రాన పైన సరిగ్గా చూపిస్తుందని లేదు.

ఆవిరి తరుగుకు మామూలుగా పోసే నీళ్లు ఆర్‌ఓవి అయి ఉండాలి. ఇంటి ఆర్‌ఓ యంత్రాల్లో రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జ్, టీడీఎస్ అడ్జస్టర్ పెడతారు. వాటికి ముందు నుంచే నీళ్లు తీసుకోవాలి. టీడీఎస్ 10 దాటితే నెలల తరబడి పోగయ్యేది మీ ట్యాంకులోనే.

సెలినిటీ 33కి చేరాక మళ్లీ పరీక్షించండి. నిష్పత్తి ప్రకారం కాల్షియం 380 చుట్టూ ఉంటుంది. గుల్లలకు అదే చాలు. 420కి తేవాలనుకుంటే 40 పీపీఎం × 170 లీటర్లు, అంటే 6.8 గ్రాముల కాల్షియం, అంటే కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 25 గ్రాములు. మూడు రోజుల్లో పంచి వేయండి. ఆల్కలినిటీ ఒక డీకేహెచ్ పెరగడానికి ఇంతే నీళ్లకు వంటసోడా ఐదు గ్రాములు. 7 నుంచి 8.5 డీకేహెచ్ మధ్య ఎక్కడైనా సరే, ఆ అంకె కదలకుండా ఉండటం ముఖ్యం, రోజుకు అర డీకేహెచ్ కంటే ఎక్కువ ఊగనివ్వవద్దు. కాల్షియం, సోడా ఒకే గ్లాసులో కలిపారంటే తెల్లటి సుద్ద అయి కూర్చుంటుంది. వేర్వేరుగా ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, అరగంట తేడాతో, మోటారు ప్రవాహం ముందు పోయాలి. చెరువుల్లో చల్లే కాల్షియం ఫ్లేక్స్‌లో ఏం కలిసి ఉంటుందో తెలియదు, ఆహారపు గ్రేడు తీసుకోండి. తాంబూలం సున్నం అసలు వద్దు.

ఒక్క మాట. నాలుగు గుల్లలు చిప్ప పెంచుకోవడానికి తీసుకునే కాల్షియం చాలా తక్కువ, వారానికి పది శాతం నీళ్లు మారిస్తే తీరిపోతుంది. రోజూ డోసింగ్ చేయాలా వద్దా తేల్చుకోవడానికి ఆల్కలినిటీని మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలవండి. తేడా కనపడకపోతే డోసింగ్ పంపు డబ్బు మిగిలినట్టే. చిప్ప కట్టేటప్పుడు ఒక డీకేహెచ్‌కు సుమారు ఏడు పీపీఎం కాల్షియం ఖర్చవుతుంది. ఈ నిష్పత్తి తప్పి ఒక్కటే పడిపోతుంటే లోపం కొలతలోనో, ఎక్కడో సుద్ద పేరుకోవడంలోనో వెతకాలి.

ఇప్పుడు మేత. మీ గుల్లల ప్రాణం ఉన్నది ఇక్కడే కనుక లెక్క విడమరచి చెబుతాను. హేచరీల్లో తల్లి గుల్లలను పోషించేటప్పుడు వాటి పొడి మాంసం బరువులో రోజుకు 3 శాతం పొడి ఆల్గే ఇవ్వడం వాడుక. నాలుగైదు సెంటీమీటర్ల గుల్లలు నాలుగింటికి అది రోజుకు 60 నుంచి 100 మిల్లీగ్రాములు. ఇంకో వైపు నుంచి చూస్తే, ట్యాంకు నీళ్లలో మిల్లీలీటరుకు పదివేల కణాలు ఉండేలా చూడాలి. 170 లీటర్లకు 170 కోట్ల కణాలు. బాగా పెరిగిన ఐసోక్రైసిస్ (ఒక రకం ఆల్గే) కల్చర్‌లో మిల్లీలీటరుకు 50 లక్షల కణాలు ఉంటే రోజుకు 340 మిల్లీలీటర్లు పోయాలి. కీటోసెరాస్ అనే ఇంకో ఆల్గే కల్చర్ 20 లక్షల దగ్గర ఉంటే 850 మిల్లీలీటర్లు. ఐదు చుక్కలు అంటే పావు మిల్లీలీటరు. పన్నెండు గుల్లలకు అది ఏ మూలకు? సీసా మేతలన్నీ పనికిరానివని అనను. చిక్కటి పేస్టు లాంటి గాఢ ఆల్గేలో మిల్లీలీటరుకు వంద కోట్లకు పైగా కణాలుండేవి ఉన్నాయి, అలాంటిది రోజుకు ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలు. కానీ సీసా మీద కణాల సంఖ్య రాయకుండా, అవతలి వైపు కనపడేంత పలచగా ఉన్న పచ్చనీళ్లు కొనడం దండగ. నానోక్లోరాప్సిస్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు: కణం రెండు మూడు మైక్రాన్లే, చాలా గుల్లల జల్లెడలోంచి జారిపోతుంది, గోడ గట్టిది కనుక సరిగా అరగదు. ఐదు నుంచి పది మైక్రాన్ల కణాలు, అంటే కీటోసెరాస్, ఐసోక్రైసిస్, టెట్రాసెల్మిస్, రెండు రకాలు కలిపితే మంచిది.

ఇందులో మన జిల్లాలకు ఒక సౌకర్యం ఉంది. భోగాపురం, పూసపాటిరేగ వైపు తీరంలో రొయ్య హేచరీలు పిల్లల మేతకు కీటోసెరాస్, థలాసియోసైరా రోజూ పెంచుతాయి. ఆల్గే గది నుంచి శుభ్రమైన కల్చర్ అర లీటరు అడిగి తెచ్చుకుంటే ఇంట్లో పెంచుకోవచ్చు. బయటి పెద్ద తొట్ల నుంచి ఇస్తే వద్దనండి, అందులో ఆల్గేను తినే సూక్ష్మజీవులు కలిసి వస్తాయి. ట్యాంకుకు పలచన అనిపించిన మీ అక్టోబరు నీళ్లు ఇంకా మిగిలి ఉంటే పారబోయకండి, 25–28 సెలినిటీ ఆల్గేకు చక్కగా సరిపోతుంది. ఆ నీళ్లను గుడ్డతో వడగట్టి, మరగబెట్టి చల్లార్చి, రెండు లీటర్ల పారదర్శకమైన సీసాల్లో లీటరున్నర పోసి, ఎఫ్/2 (ఆల్గేకు వేసే ఎరువు) ద్రావణాలను వాటి మీద రాసిన కొలతలో వేయండి. కీటోసెరాస్‌కు సిలికేట్ ఉన్న ఎఫ్/2 తప్పనిసరి, అది డయాటమ్ కనుక చిప్ప కట్టుకోవడానికి సిలికా కావాలి. పదో వంతు నుంచి ఐదో వంతు దాకా తల్లి కల్చర్ కలిపి, గట్టి గొట్టంతో అడుగు దాకా గాలి పెట్టి, పక్కన తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబు రోజుకు 16 గంటలు వెలిగించండి. నాలుగైదు రోజుల్లో కీటోసెరాస్ బంగారు గోధుమ రంగుకు, టెట్రాసెల్మిస్ ముదురు ఆకుపచ్చకు తిరుగుతాయి. సగం తీసి వాడి, అంతే కొత్త నీళ్లు, ఎఫ్/2 పోయండి. ఎప్పుడూ రెండు సీసాలు వేర్వేరు రోజుల్లో మొదలుపెట్టినవి ఉండాలి, ఒకటి కూలినా రెండోది నిలుస్తుంది. గాలి ఆడుతున్నా అడుగున మడ్డి కట్టి పైన తేటగా మారినా, నురగ జిగటగా ఉండి కుళ్లు వాసన వచ్చినా ఆ సీసా కాలవలో పోయండి, ట్యాంకులో కాదు. ఐసోక్రైసిస్ 28 డిగ్రీలు దాటితే మొరాయిస్తుంది. మన వేసవికి కీటోసెరాస్ కొంత ఓర్చుకుంటుంది. తీసిన కల్చర్ ఫ్రిజ్‌లో వారం పది రోజులు ఆగుతుంది, రోజూ ఒకసారి కదపాలి.

రోజు మేతను ఉదయం సగం, రాత్రి సగం ఇవ్వండి. ఇచ్చాక రెండు గంటలు స్కిమ్మర్ (నురగతో మలినాలను తీసే పరికరం), యూవీ దీపం ఆపండి, మోటారు ప్రవాహం మాత్రం ఆపవద్దు. మొదటి వారం సగం మోతాదుతో మొదలుపెట్టండి. గుల్ల పక్కన గోధుమ రంగు జిగట తీగలు కనపడితే అది మింగకుండానే బయటికి నెట్టేసిన మేత, మోతాదు తగ్గించాలి. మర్నాటికి కూడా నీళ్లు రంగుగా ఉన్నా అంతే. ఈస్టు, పాలపొడి, సెనగపిండి వేయమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. గుల్ల తినేది తక్కువ, కుళ్లేది ఎక్కువ, రెండు రోజుల్లో అమ్మోనియా లేస్తుంది. మీ నైట్రేట్ సున్నా కూడా మేత లేమికి ఇంకో సాక్ష్యమే, కల్చర్ మొదలుపెట్టాక 2–10 పీపీఎం కనపడితే కంగారు పడకండి.

మీ అన్నయ్య ట్యాంకు గురించీ అడిగారు, మాంటిల్ రంగు వెలుస్తోందని. వేడి, లైటు, లవణాలు అన్నీ బాగున్నాయంటే నైట్రేట్ చూడమనండి. క్లామ్‌లో ఉండే ఆల్గేకు నైట్రోజన్ కావాలి, అది అమ్మోనియంగా, నైట్రేట్‌గా నీళ్లలోంచే నేరుగా తీసుకుంటుంది. నీళ్లను అద్దంలా చేసి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చేసుకున్న ట్యాంకుల్లో జెయింట్ క్లామ్ పస్తులుంటుంది. నైట్రేట్ 2–5, ఫాస్ఫేట్ 0.03–0.1 దగ్గర ఉంచితే చాలు, చేపల మేత కాస్త పెంచినా వచ్చేస్తుంది. స్క్వామోసాకు వెలుగు పార్ (ఆల్గే వాడుకోగల వెలుగు) కొలతలో 200 చుట్టూ సరిపోతుంది, మాక్సిమా, క్రోసియా జాతులు 300 పైన కోరతాయి. లైటు మార్చితే వారాల మీద పెంచాలి. ఐదు సెంటీమీటర్ల లోపు పిల్ల క్లామ్‌కు మాత్రం వెలుగుతో పాటు ఆల్గే మేత కూడా ఇవ్వడం మంచిది, చిన్నతనంలో వడగట్టుకునే తిండి వాటా ఎక్కువ. రాయికి అతుక్కున్న క్లామ్‌ను పీకవద్దు, పట్టుదారాలను రాయి దగ్గర బ్లేడుతో కోయాలి. పీకితే వాటి మొదలున్న గ్రంథి చిరిగి, వారంలో చచ్చిపోతుంది. అన్నట్టు గల్ఫ్ సముద్రం సెలినిటీ 40 దాకా ఉంటుంది, ఆయన అక్కడి సహజ నీళ్లే వాడుతుంటే ఆర్‌ఓ నీళ్లతో పలచన చేసుకుంటున్నారేమో అడగండి.

మళ్లీ మన ఊరికి. ఆ పెద్ద లైటు తీసేసి, చేపలు కనపడేంత చిన్న లైటు పెట్టండి, మూత తీసి వల వేయండి, నీళ్లు 26–28 డిగ్రీల మధ్య ఉండేలా చూడండి. వేసవిలో నీటి మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఉక్కపోత రోజుల్లో అంత కూడా తగ్గదు. ఫ్యాను వల్ల రోజుకు రెండు మూడు లీటర్లు ఆవిరైపోతాయి, ఆర్‌ఓ నీళ్లు రోజూ పోయకపోతే సెలినిటీ వారంలో మూడు నుంచి నాలుగున్నర పాయింట్ల దాకా ఎగబాకుతుంది. కరెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటాక పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఆల్గే మేత ఆపేయండి, చీకట్లో కదలని నీళ్లలో అదే ఆక్సిజన్ తినేస్తుంది.

చేపలకు తెల్లమచ్చలు వస్తే దుకాణాల్లో ఇచ్చే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. మైలుతుత్తం గుల్లలకు చుక్క చాలు, చంపేస్తుంది, రాళ్లలో, ఇసుకలో దాక్కుని తర్వాత కూడా కారుతుంది. చేపలను వేరే బకెట్టులోకి మార్చి వైద్యం చేయండి. నీళ్లు తగిలే చోట ఇత్తడి నాబ్ ఉన్నా మార్చండి. దోమల కాయిల్స్, వేపరైజర్ ట్యాంకు ఉన్న గదిలో వద్దు. అందులోని పైరెత్రాయిడ్లు గాలి పంపు ద్వారా నీళ్లలోకి దిగుతాయి, చేపలకూ రొయ్యలకూ ముందు ముప్పు.

మిగిలిన నాలుగు గుల్లలకు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల సన్నని ఇసుక కావాలి. మీరు వేసిన ముతక కంకర కాదు. ట్యాంకంతా అక్కర్లేదు, ఒక గాజు గిన్నెలో నింపి మూలన పెట్టినా సరే. గుల్లను ఇసుక మీద పడుకోబెట్టి వదిలేయండి, మీరు గుచ్చవద్దు. ఆరోగ్యంగా ఉంటే కొన్ని గంటల్లో తనే దిగిపోయి రెండు చిన్న గొట్టాలు పైకి పెడుతుంది. ఒక రోజంతా పైనే ఉండిపోతే, వేలితో తట్టినా చిప్ప గట్టిగా మూసుకోకపోతే, బయటికి తీసి వాసన చూడండి. చచ్చినది ట్యాంకులో ఒక రాత్రి ఉంటే మిగతా మూడింటికీ చేపలకూ అమ్మోనియా ముప్పు, అందుకే కొత్త గుల్లలు తెచ్చే ముందు ఈ నాలుగూ రెండు నెలలు నిలబడతాయేమో చూడండి.